శీలావతి తోక ముక్క

మా ఆయన అన్నం తింటున్నంతసేపూ నేను కూర్చోలేను. ఎదురుగా కుర్చీ ఉంటుంది, కంచం ఉంటుంది, ఆకలి కూడా ఉంటుంది. కానీ ఆయన ముద్ద నోట్లో పెట్టుకోగానే వంటింట్లో ఏదో మాడిపోతున్నట్టు లేచిపోతాను. నీళ్ళ గ్లాసు ఇటు జరుపుతాను. ఫ్యాను తగ్గిస్తాను, మళ్ళీ పెంచుతాను. ఆయన నమిలి, మింగి, గొంతు సవరించుకుని రెండో ముద్ద కలిపేదాకా నా ఊపిరి నాది కాదు.

"కాలు కాలిన పిల్లిలా తిరగమాక అమ్మాయ్, చూడలేకపోతున్నా" అంటుంది మా అత్తయ్య. మాతోనే, నందిగామలోనే ఉంటుంది. ఆవిడ మాటకేం, ఆవిడ సోఫాలో కూర్చుని అంటుంది. కొడుకు దగ్గినప్పుడల్లా ఆవిడ చేతిలో బైబిలు పేజీ కూడా తిరగదని నాకు తెలుసు.

పోయిన ఎండాకాలం సెలవుల చివర్లో ఒక పొద్దున ఆయన పళ్ళు తోముకుంటుంటే, పుక్కిలించిన నీళ్ళు ఎడం పక్క నుంచి కారిపోయాయి. మళ్ళీ పుక్కిలించారు, మళ్ళీ కారిపోయాయి. అద్దంలోకి గుడ్లప్పగించి చూస్తూ, "ఇదిగో, ఒకసారి ఇట్రా" అని నన్ను పిలిచారు. ఆ మాట ముద్దగా వచ్చింది. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఎడం చెయ్యి, ఎడం కాలు కూడా మాట వినడం మానేశాయి.

కాలు తిరిగి వచ్చింది. చెయ్యి వచ్చింది. మాట కూడా చాలావరకు వచ్చింది. వీరులపాడు హైస్కూల్లో సోషల్ చెప్పే మనిషి, పేపరు పైకి చదివి చదివి మాటను దారిలో పెట్టుకున్నారు. రానిది ఒకటే. ఎడం చెంప లోపల, నాలుక ఎడమ అంచున స్పర్శ లేదు. అక్కడ మెతుకులు చేరినా ఆయనకి తెలియదు. చేరిన మెతుకులు అక్కడే ఉండిపోతాయి. తిన్న కాసేపటికి, ఏదో మాట్లాడుతుండగా, అవి గొంతులోకి జారి పొలమారుతుంది. మనిషి ఎర్రబడిపోతాడు. ఆ దగ్గు ఆగేలోపు నా పై ప్రాణాలు పైనే పోతాయి.

"స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు. మీరు తొందరపడకండి" అన్నాడు డాక్టరు. తొందరపడొద్దని నాతో అన్న మొదటి మనిషి అతను కాదు, చివరి మనిషీ కాదు. నేను కడుపులోంచే నెల తక్కువగా వచ్చినదాన్ని.

రోజూ పొద్దున్నే స్టీలు చెంచా ఒకటి ఫ్రిజ్ నీళ్ళలో ముంచి తెచ్చేదాన్ని. ఆయన్ని కళ్ళు మూసుకోమని, చెంచా కొనతో ఎడం చెంప లోపల ఆనించి అడిగేదాన్ని.

"తెలుస్తుందా?"

"ఊఁ."

"నిజంగా?"

"ఊఁ అన్నాగా."

వారం పాటు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. కాలేజీలో తోటి లెక్చరర్లకి చెప్పాను, చర్చిలో సాక్ష్యం చెప్పబోయి చివరి నిమిషంలో ఆగాను. ఆ తర్వాత ఒక రోజు ఎందుకో అనుమానం వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాక చెంచా నా వీపు వెనక దాచుకుని అడిగాను. "తెలుస్తుందా?"

"ఊఁ" అన్నారు ఆయన.

ఒంటికాలి మీద లేచాను. ఇదేమన్నా మీ స్కూలు ఇన్‌స్పెక్షనా, అన్నీ బాగున్నాయని చెప్పి పంపించెయ్యడానికి, అని అరిచాను. ఆయన కళ్ళు తెరిచి నా చేతిలో లేని చెంచా కోసం వెతుక్కుని, నెమ్మదిగా అన్నారు. "నువ్వు అట్లా మొహం పెట్టి అడుగుతుంటే, లేదని ఎట్లా చెప్పను?"

చెంచా పరీక్ష ఆ రోజుతో మానేశాను. అడిగితే అబద్ధం చెబుతారు, అడక్కపోతే నాకు తెలియదు. ఇక తెలుసుకునే దారే లేదని నాకు నిద్ర పట్టేది కాదు.

ఇదంతా ఆయన చేపలు తినే తీరు తెలిసినవాళ్ళకే సరిగ్గా అర్థమవుతుంది. మా పుట్టిల్లు జగ్గయ్యపేట. మా ఇంట్లో చేప అంటే కొర్రమీనే. మధ్యలో వెన్నెముక తీసేస్తే ఇంకేమీ అడ్డం రాని చేప. శీలావతి లాంటి ముళ్ళ చేపలంటే మా అమ్మకి భయం, కాబట్టి నాకూ భయం. పెళ్ళయి నందిగామ వచ్చిన మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే, మా అత్తయ్య శీలావతి పులుసు పెట్టింది. ఆయన ఏరికోరి తోక ముక్క వేసుకున్నారు. మిగతా చేపంతా ఒక ఎత్తు, తోక ఒక ఎత్తు. పొట్ట ముక్కలో పక్కటెముకలే ఉంటాయి, పెద్దవి, చేత్తో లాగెయ్యొచ్చు. తోకలో పైనా కిందా అన్నీ సన్నటి ముళ్ళే.

ముళ్ళు ఏరడానికి ఆయన చెయ్యి పెట్టలేదు. ముక్క నోట్లో వేసుకుని, పెదాలు మూసి, మామూలుగా మాట్లాడేవాళ్ళ వైపు చూస్తూ నమిలారు. ఎడం చెంప ఒకటి రెండుసార్లు కదిలింది. అంతే, ఎడం మూల నుంచి ముల్లు బయటికి వచ్చింది, శుభ్రంగా, దాని మీద మెతుకంత కండ కూడా లేకుండా. తీసి కంచం అంచున పెట్టారు. దాని పక్కన ఇంకొకటి. తినడం అయ్యేసరికి కంచం అంచు చుట్టూ ముళ్ళు దువ్వెన పళ్ళలా వరసగా ఉన్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "ముల్లు లేకపోతే ఇక నాలుకకి పనేముంది?" అన్నారు. నాకూ నేర్పారు. నాకు వచ్చింది గానీ ఆ శుభ్రం రాలేదు.

అర్థమైంది కదా. ముళ్ళన్నీ ఆయన ఎడం చెంపలోకే చేర్చేవారు. చూసి చూసి దేవుడు సరిగ్గా అక్కడే దీపం ఆర్పేశాడు. చర్చికి వెళ్ళేదాన్ని ఇలా రాయకూడదేమో. రాశాను.

జావ నుంచి మెత్తటి అన్నానికి, మెత్తటి అన్నం నుంచి కూరలకి వచ్చాక, ఆయన ఒక రోజు అడిగారు. "శీలావతి తెస్తావా? తోక ముక్క."

చేప పెట్టొచ్చు, ముల్లు మాత్రం వద్దని డాక్టరు ముందే చెప్పాడు. నేను తెలివి ఉపయోగించాను. కొర్రమీను తెచ్చి, అదే చింతపండు, అదే మెంతిపొడి వేసి, శీలావతి అని చెప్పి పెట్టాను. ఆయన ఒక్క ముద్ద తిని చెయ్యి ఆపేశారు.

"ఇది కొర్రమీను."

"కాదండీ, శీలావతే. ముళ్ళు తీసా."

"శీలావతి అయితే నోట్లో రేకులు రేకులుగా విడిపోద్ది. ఇది గట్టిగా, పీచులా ఉంది." ఆయన కంచం పక్కకి జరిపారు. "నాకు ఎడం పక్కే మొద్దుబారింది, కుడి పక్క కాదు. పత్యం పెడితే పెట్టు, తింటా. మోసం మాత్రం పెట్టమాక."

ఆ పూట ఆయన మజ్జిగన్నం తిన్నారు. ఆ కొర్రమీనంతా నేనూ అత్తయ్యా రెండు రోజులు తిన్నాం. నాకు ఒక్క ముక్కా సయించలేదు.

నేను జగ్గయ్యపేటలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. రోజూ నందిగామ నుంచి హైవే మీద బస్సు. ఆ తర్వాతి వారం చేపల కండరాల పాఠం వచ్చింది. ఏటా చెప్పేదే. బజార్లో శీలావతి అడ్డంగా కోసిన ముక్క ఒకటి కొని క్లాసులో ట్రేలో పెట్టి చూపిస్తాను. చర్మం కింద, రెండు పక్కల్లోనూ మధ్య గీత వెంబడి, ముదురు రంగులో ముక్కోణంలా కనిపించేది ఎర్ర కండ. వంటింట్లో దాన్ని నల్ల కండ అంటారు, నీచు వాసనని కొందరు గీకి పారేస్తారు. దాని పోగులు సన్నం, నెత్తురు సరఫరా ఎక్కువ, నూనె ఎక్కువ. రోజంతా ఈదినా అలిసిపోదు. మిగతా ముక్కంతా తెల్ల కండ. పోగులు లావు, నెత్తురు తక్కువ. పిట్ట వాలితే ఒక్క ఉదుటున పారిపోవడానికి అదే పనికొస్తుంది, కాసేపటికే అలిసిపోతుంది. రెండింటి మధ్యా సన్నగా గులాబి రంగు పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని పరీక్షలో అందరూ మర్చిపోతారు.

"మేకపోతు మాంసం పళ్ళలో ఇరుక్కుంటుంది, చేప ఇరుక్కోదు, ఎందుకు?" అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. మేక కండలో పోగు పొడుగు. చేప కండలో పోగు పొట్టిది, ఒక పొర నుంచి పక్క పొర దాకానే. తల నుంచి తోక దాకా కండంతా అలా పొరల మధ్య దొంతరలుగా పేర్చి ఉంటుంది. ఒక్కొక్క దొంతరా పక్క నుంచి చూస్తే మెలికలు తిరిగి ఉంటుంది. ఉడికించగానే మధ్యలో పొర కరిగిపోతుంది, దొంతర రేకులా ఊడి వస్తుంది. రేకులు రేకులుగా, అని చెబుతుంటే నాకు మా ఆయన గొంతు వినిపించి మాట తడబడింది.

రెండో బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, మరి ముళ్ళు ఎక్కడుంటాయి? పుస్తకంలో బొమ్మలో లేవు."

"పొరలో" అన్నాను. "కండలో కాదు. కండకీ కండకీ మధ్య పొర ఉంది చూడు, అందులో. పొరకొకటి."

అన్నాక సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొరకొకటి. ఎన్ని ఏళ్ళుగా చెబుతున్నాను ఈ మాట! అంటే ముళ్ళు ఎక్కడపడితే అక్కడ లేవు. రేకు విడదీస్తే ముల్లు కనబడాలి. కనబడకపోతే అది ఇంకా అక్కడే ఉన్నట్టు. వెతికే చోటు తెలిసిన దాన్ని చూసి నేను ఇంతకాలం భయపడుతున్నాను. బెల్లు కొట్టకముందే క్లాసు వదిలేశాను. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. చిల్లకల్లు దగ్గర ట్రాఫిక్కులో బస్సు ఆగితే దిగి నడిచి వెళ్ళిపోదామా అనిపించింది.

ఆదివారం పొద్దున, చర్చికి ముందే, రోడ్డు పక్కన చేపలు కోసే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ తొట్టిలో కొట్టుకుంటున్న శీలావతిని చూపించి, "ముందు సగం ముక్కలు కొట్టు. తోక సగం కొయ్యమాక, అలాగే ఇచ్చెయ్" అన్నాను.

కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "అదేంటండి మేడంగారు? తోక ముక్కలు కొట్టకపోతే పులుసు ఎట్లా పట్టుద్ది?"

అడ్డంగా కొడితే ముల్లు ముక్కలవుతుంది, ఎక్కడ ఏ ముక్క ఉందో దొరకదు. అదంతా చెప్పే ఓపిక లేదు. "కాలేజీకి" అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. ఆదివారం పూట కూడా కాలేజీయేనా అని.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కల్లుప్పు, పసుపు పట్టుకుని సిద్ధంగా ఉంది. తోకను రుద్ది రుద్ది కడిగి, ఆ నల్ల కండ గీకడానికి చాకు తీసింది.

"అది తియ్యమాకండి అత్తయ్యా. ఆయనకి ఇష్టం."

"నీచు."

"ఉండనివ్వండి."

అంతవరకు బాగానే ఉంది. నేను ఇడ్లీ పాత్ర దించి, అందులో నీళ్ళు పోసి, తోకను ఇడ్లీ రేకు మీద పడుకోబెట్టేసరికి ఆవిడ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. "ఇడ్లీ పాత్రలో చేపా! రేపు పొద్దున ఆ పాత్రలో ఇడ్లీ ఎవరు తింటారే?" ఆవిడ నన్ను 'అమ్మాయ్' నుంచి 'ఏమే'కి దించింది అంటే కోపం నిజమే. కొత్త పాత్ర కొంటానన్నాను. నీళ్ళలో ఉడికిస్తే చెదిరిపోతుంది, ఆవిరి మీద అయితే రేకులు నిలుస్తాయి, అది ఆవిడకి చెప్పలేదు. చెప్పినా చెవిన వేసుకునే స్థితిలో లేదు.

తోక ఉడికాక చల్లారనిచ్చి, కిటికీ దగ్గర పీట వేసుకుని, పేపరు పరుచుకుని కూర్చున్నాను. కాలేజీ నుంచి తెచ్చుకున్న పట్టకారు ఉంది. చర్మం ఒలిచాను. ఎర్ర కండ పట్టీని విరక్కుండా లేపి విడిగా గిన్నెలో పెట్టాను. కింద తెల్ల కండ. వేలితో మెల్లగా నొక్కితే మొదటి రేకు జరిగింది. పొరలోంచి ముల్లు, రెండుగా చీలిన కొనతో, నిజంగానే నేను చెప్పిన చోటే ఉంది. ఇన్నేళ్ళ పాఠం ఒక్కసారిగా నా పక్కన వచ్చి కూర్చున్నట్టయింది. తీశాను. ఇంకో రేకు. ఇంకో ముల్లు. నా జీవితంలో నేను అంత నెమ్మదిగా ఏ పనీ చెయ్యలేదు. కాళ్ళు మాత్రం పీట కింద ఆడుతూనే ఉన్నాయి.

"చేపకి ఆపరేషన్ చేస్తున్నావా?" అని అత్తయ్య వచ్చి నిలబడింది. కాసేపటికి పక్కనే కూర్చుంది. ఇంకాసేపటికి కళ్ళజోడు తెచ్చుకుని, నేను విడదీసిన ప్రతి రేకునూ వేళ్ళ మధ్య నలపకుండా తడిమి చూసి గిన్నెలో వేయడం మొదలుపెట్టింది. చర్చికి ఆలస్యమవుతుందని ఇద్దరం అనలేదు. ఆ రోజు మేము చివరి పాటకి వెళ్ళాం.

తోక చివరికి వచ్చేకొద్దీ ముళ్ళకి చీలిక పోతుంది. వెంట్రుకలంత సన్నబడతాయి, కండ రంగులో కలిసిపోతాయి. అక్కడ నా కళ్ళు లాగేశాయి. వెలుతురుకి ఎత్తి చూశాను, మళ్ళీ చూశాను. అయిపోయింది అనుకున్నాను.

తలకాయతో, ముందు ముక్కలతో పులుసు ముందే మరిగింది. దించే ముందు రేకులన్నీ అందులో జారవిడిచాను.

మధ్యాహ్నం ముగ్గురం బల్ల దగ్గర చేరాం. ఆయన ప్రార్థన చేశారు. ఎప్పుడూ చేసేదే, ఆ రోజు ఎందుకంత పొడుగ్గా చేశారో తెలియదు. "ఆమెన్" అనగానే నేను లేచి నిలబడ్డాను.

పులుసు పోసుకుని కలిపి మొదటి ముద్ద పెట్టుకున్నారు. నమిలారు. మొహంలో ఏదో కదిలింది. "ఇది శీలావతి" అన్నారు.

"తోక" అన్నాను.

"తెలుస్తుంది." నల్ల కండ ముక్కను వెతుక్కుని దాన్ని ఆఖరికి దాచుకున్నారు, చిన్నప్పటి నుంచీ అంతేనట. రెండో ముద్ద, మూడో ముద్ద. నేను ఫ్యాను దగ్గరికి వెళ్ళాను. గ్లాసు జరిపాను. ఆయన తింటున్నారు. తింటుంటే నాకు ఏడుపు వచ్చేలా ఉంది, కోపంగా కూడా ఉంది, ఇంతలా ఇష్టమైనదాన్ని ఒక్కసారి అడిగి, మళ్ళీ అడక్కుండా ఎలా ఉన్నారా అని.

ఉన్నట్టుండి ఆయన ఆగిపోయారు.

నమలడం ఆగింది. చెయ్యి కంచంలోనే ఆగింది. కళ్ళు ఎటూ చూడటం లేదు. అత్తయ్య "ఏంట్రా?" అంది. నేను బల్ల చుట్టూ ఎలా వచ్చానో తెలియదు, ఆయన భుజం పట్టుకుని, "ఉమ్మెయ్యండి, ఉమ్మెయ్యండి" అని అరుస్తున్నాను. వదిలేశాను. ఒకటి వదిలేశాను. తోక చివర, ఆ వెంట్రుక ముళ్ళలో ఒకటి. నా చేతులతో నేనే పెట్టాను.

ఆయన కుడి చెయ్యి ఎత్తి నన్ను ఆగమన్నారు.

అప్పుడు చూశాను. ఎడం చెంప కదిలింది. కొంచెం. ఆగి, మళ్ళీ కదిలింది. లోపల నాలుక దేన్నో తోస్తోంది, తప్పిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. ఆయన నుదుట చెమట పట్టింది. ఎంతసేపు అలా ఉన్నారో. పెదాల ఎడం మూల చిన్నగా విచ్చుకుంది. పులుసు కొద్దిగా గడ్డం మీదికి కారింది. దాని వెంటే, సన్నగా, శుభ్రంగా, ముల్లు కొన బయటికి వచ్చింది.

ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి కంచం అంచున పెట్టారు. దాని వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత నా వైపు చూసి, వేలితో ఎడం చెంప మీద తట్టి చూపించారు.

"గుచ్చుకుంది" అన్నారు. "ఇక్కడ."

నేను అడగలేదు. ఆయన అడక్కుండా చెప్పారు. అబద్ధం చెప్పడానికి వీల్లేకుండా ముల్లు కంచం అంచున ఉంది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్తోత్రం, స్తోత్రం అంటోంది. ఏడ్చేశాను, బల్ల పట్టుకుని, పెద్దగా, సిగ్గు లేకుండా.

ఆయన గడ్డం తుడుచుకుని, దాచుకున్న నల్ల కండ ముక్కను కలుపుకుంటూ అన్నారు. "వచ్చే ఆదివారం నువ్వు ముళ్ళు తియ్యమాక. నేను తీసుకుంటా."

"తీస్తా" అన్నాను ముక్కు చీదుకుంటూ. "అన్నీ తీస్తా. ఒక్కటి మాత్రం వదుల్తా."

అని కంచం పెట్టుకుని, ఆయన ఎదురుగా కూర్చున్నాను.